పోలమ్మత్త చెప్పిన ఢిల్లీ కబుర్లు

ఎండు నెత్తళ్ళు వేయిస్తే మెట్లన్నీ వాసన పట్టేస్తున్నాయని, కాస్త చూసుకోమని, మా అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ మొన్న తలుపు తట్టి ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళాడు. ఆయన లిఫ్టు ఎక్కగానే నేను వంటింటి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి పెనంలో ఇంకో గుప్పెడు వేశాను. నూనెలో చిటపటమంటూ, ఎండుమిరపకాయ ఘాటుతో కలిసి లేచే ఆ వాసన నెల్లూరు నడిబొడ్డున ఉన్నానన్న సంగతి మరిపించి, నన్ను విడవలూరుకు తూర్పున, సముద్రపు ఒడ్డున, మా పాలెం దిబ్బ మీదికి తీసుకుపోతుంది. ఆ దిబ్బ మీద ఎండుతున్న చేపల మధ్య నిలబడి మాకు దేశం సంగతులు చెప్పిన మనిషి మా మేనత్త పోలమ్మ.

మా పాలెం అంటే ఆ రోజుల్లో తాటాకు ఇళ్ళు, ఇళ్ళ చుట్టూ తాటిమట్టల దడులు, వెనక కాలవ, ముందు సముద్రం, ఇళ్ళకూ సముద్రానికీ నడుమ ఎత్తుగా, తెల్లగా, కాలు దిగబడకుండా పరుచుకున్న ఇసకదిబ్బ. కార్తీకంలో ముసురు పట్టి, తెప్పలు నీళ్ళలోకి దించే వీల్లేక, గంజిలో ఉప్పుగల్లు వేసుకుని తాగిన రోజులు గడిచాక, వాన తెరిపిచ్చి ఎండ కాసిన పొద్దున పాలెం పాలెమంతా ఆ దిబ్బ మీదే ఉండేది. మగవాళ్ళు అలివి వల రెండు కొసలూ పట్టుకుని పాట పాడుతూ ఒడ్డుకు లాగుతుంటే, వల పొట్ట ఇసకను తాకేసరికి నెత్తళ్ళు వెండి చిమ్మినట్టు ఎగిరిపడేవి. ఆడవాళ్ళు వాటిని గంపలకెత్తి, కడిగి, దిబ్బ మీద పలచగా ఆరబోసేవాళ్ళు. కాకుల్ని తోలే పని పిల్లలది. చేతిలో కర్ర ఉండగానే మేం గవ్వలతో అచ్చనగాయలాడేవాళ్ళం, ఎర్ర ఎండ్రకాయల వెంటబడి అవి బొరియలో దూరేలోపల కాలు అడ్డం పెట్టేవాళ్ళం. మా తాత, చూపు మందగించిన మనిషి, ఆరబెట్టిన తెప్పమాను మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, వచ్చేపోయేవాళ్ళను దగ్గునుబట్టే పోల్చుకుని పేరుపెట్టి పిలిచి కసురుకునేవాడు. ఎండాకాలం గంగమ్మ కొలుపు వస్తే వలల వాసన మీదికి పచ్చి పసుపు వాసన ఎక్కేది. అదే దిబ్బ మీద కొత్తకుండల్లో పొంగలి పొంగేది. ఇంటింటా బెల్లం నిప్పట్లు, ఎండురొయ్యలు వేసి వండిన చింతచిగురు. మా పెళ్ళిళ్ళ బంతులు ఆ దిబ్బ మీదే, మా పోట్లాటలూ ఆ దిబ్బ మీదే.

పోలమ్మత్త మా నాయనకు అక్క. మామ తుఫానులో తెప్పతో సహా పోయాక, పిల్లల్లేని ఆమె మా ఇంటికి వచ్చి చేరింది. పొడుగాటి మనిషి, ముక్కున ఒక్క బంగారు పుడక తప్ప ఒంటి మీద ఇంకేమీ ఉండేది కాదు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, కాలవ దాటి, వరిచేల గట్ల మీదుగా ఊరూరా తిరిగి, చేపలిచ్చి వడ్లు తెచ్చేది. కోతలయ్యాక ఆమె తిరిగొస్తుంటే గంపలోంచి మొలకొలుకుల వడ్ల వాసన, పాతకోక మడతల్లోంచి మాకోసం దాచిన తేగలు.

అప్పుడే పంచాయతీల్లో ఆడమనిషి కూడా ఒకరుండాలని పైనుంచి చెప్పారట. మా పాలెం కాలవ అవతలి పెద్దూరి పంచాయతీ కిందికి వచ్చేది. పెద్దూరి ఇళ్ళవాళ్ళు తమ ఆడవాళ్ళను మగవాళ్ళ సభలోకి పంపడానికి ఇష్టపడలేదు. ప్రెసిడెంటు గారికి, గంపతో రోజూ తన వాకిట్లో నిలబడే మా అత్త గుర్తొచ్చింది. చేపలమ్ముకునే మనిషి, ఒక మూల కూర్చుని వెళ్ళిపోతుందిలే అనుకుని ఉంటాడు. అలా మా అత్త మెంబరయింది. సభలో ఆమెకు కుర్చీ వేయలేదు. ఆమె అరుగు మీద కూర్చుంది. కానీ అక్కడ అన్న ప్రతి మాటా విన్నది.

విన్నదంతా పాలేనికి చెప్పడం తన పని అనుకున్నది. ఎవరూ చెప్పమనలేదు. మీటింగు నుంచి వచ్చిన సాయంత్రం, ఎండిన చేపలు పోగుచేసే వేళకు కొంగు నడుముకు దోపి దిబ్బ మీద నిలబడేది. ముందు ఢిల్లీ, తర్వాత హైదరాబాదు, ఆపైన నెల్లూరు, చివరికి మా పాలెం, అదీ వరస. నదులకు పెద్ద పెద్ద ఆనకట్టలు కడుతున్నారని ప్రెసిడెంటు గారు సంబరంగా చెప్పారట. ఏటినీళ్ళు సముద్రం దాకా రాకుండా ఆపేస్తే ఏటిమొగలో చేపలు ఏం తిని బతుకుతాయని తాను అడిగిందట. వీశెలు, మణుగులు పోయి కిలోలు వస్తాయని చెప్పిన రోజు, తూకంరాళ్ళు మారినా షావుకారు చెయ్యి అట్నే ఉంటాది, కళ్ళు తెరుచుకోనుండండమ్మా అని ఆడవాళ్ళను హెచ్చరించింది. అందరూ నవ్వేవాళ్ళు, అడ్డుపడి అడిగేవాళ్ళు. తెలియనిదాన్ని తెలియదనేది, ఈసారి కనుక్కొస్తాననేది, నిజంగానే కనుక్కుని వచ్చేది.

అలాగని ఆమె ప్రతిదానికీ ఎదురు చెప్పే మనిషి కాదు. సరిహద్దులో యుద్ధం వచ్చి దేశానికి బంగారం ఇమ్మన్నారని చెప్పిన సాయంత్రం ఆమె ముక్కు బోసిగా ఉంది. మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంటే, అడిగినారు, ఇచ్చినా అని ఊరుకుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు తిండిగింజలు కరువై, ప్రధానమంత్రి వారానికి ఒక పూట అన్నం మానమన్నారని చెప్పినప్పుడు మాత్రం, ఆ పూట మనం ఎప్పుడో ఇచ్చేసినామని వాళ్ళకు చెప్పొచ్చినా అన్నది. ఆ మాటకు నవ్వినవాళ్ళు కొందరు, కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కొందరు.

ఆ కరువు రోజుల్లోనే ఒక సాయంత్రం పోలమ్మత్త వరస మార్చింది. ఢిల్లీ ఊసెత్తలేదు, హైదరాబాదు ఊసెత్తలేదు. పోగులు చెయ్యడం ఆపి అందరూ దగ్గరికి రండన్నది. సముద్రపు గాలికి ఇసక లేచి వరిచేలల్లో పడుతున్నదట. గింజ గింజా దేశానికి అవసరమైన కాలం కాబట్టి ఒడ్డు పొడుగునా సరుగుడు చెట్లు నాటాలని పైన నిర్ణయమైందట. మా దగ్గర నాటే చోటు ఈ దిబ్బేనట. చుట్టూ కంప కొడతారట, మనుషులు తొక్కకూడదట. తాను వద్దన్నదట. నువ్వొక్కదానివే గదమ్మా, మిగతా అందరికీ ఇష్టమేనని ప్రెసిడెంటు గారు తర్వాతి సంగతిలోకి పోయారట.

ఆడవాళ్ళు మగవాళ్ళ వైపు చూశారు. చివరికి మా నాయనే, సముద్రం మీద దేనికీ వెరవని మనిషి, సర్కారోళ్ళతో మనకెందుకక్కా అన్నాడు. అత్త కోప్పడలేదు. రేపు నీ వల యాడ ఆరేస్తావో చూపించమన్నది. నాయన ముందుకు చూశాడు, సముద్రం. వెనక్కి చూశాడు, ఇళ్ళు, ఇళ్ళ వెనక కాలవ. తల దించుకుని వల మడత పెట్టుకోసాగాడు.

కొన్నాళ్ళకు ప్రెసిడెంటు గారే ఒక ఆఫీసరును వెంటబెట్టుకుని మా పాలెం వచ్చారు. జీపు కాలవ అవతల ఆగిపోతే, చెప్పులు చేతబట్టుకుని పడవలో దాటారు. బడిలోంచి బల్లా కుర్చీలూ తెచ్చి దిబ్బ మీద వేశాం. ప్రెసిడెంటు గారు చెడ్డమనిషి కాదు. ఆ బడి ఆయన తెప్పించిందే, మేం నీళ్ళు తోడుకునే మంచినీళ్ళ బావి ఆయన తవ్వించిందే. ఆయన లేచి ప్రణాళికల గురించి, యుద్ధం గురించి, కరువు గురించి, దేశానికి ప్రతివాళ్ళూ ఏదో ఒకటి వదులుకోవాల్సిన కాలం గురించి గంభీరంగా మాట్లాడారు. విన్నవాళ్ళు తలలూపారు. ఆఖర్న, ఈ సంగతి తేలిన మీటింగులో మీ మెంబరు పోలమ్మ కూడా ఉందని చెప్పి కూర్చోబోయారు.

అప్పుడు లేచింది అత్త. గొంతు పెంచలేదు.

"ప్రెసిడెంటన్నా, నేను ఉన్న మాట నిజం. వద్దన్న మాట గూడా నిజం. రెండోది చెప్పకుండా కూర్చుంటా ఉండావే."

ఆయన ముఖం కందింది. నెమ్మదిగా, "ఇది దేశం పని పోలమ్మా" అన్నారు.

"దేశం అడిగితే ముక్కుపుడక తీసిచ్చినా. దిబ్బ ఇయ్యను. దిబ్బ పోతే మేం ఉండం. మేం గూడా దేశమే గదన్నా."

ఆఫీసరు గారు మొక్కలు అప్పుడే నర్సరీ నుంచి బయల్దేరాయని, సోమవారం పని మొదలవుతుందని చెప్పి లేచారు.

ఆ సోమవారం పొద్దు పొడిచేసరికి మా ఆడవాళ్ళు దిబ్బ మీదికి చేరారు. ఉన్న నెత్తళ్ళన్నీ పోశారు, కానాగంతలు చీల్చి పరిచారు, సావళ్ళు వరసగా పేర్చారు. చేపలు చాలని చోట చాపలు పరిచి వడ్లు ఆరబోశారు, బొంతలు ఆరేశారు, ఉప్పు పట్టించిన మామిడిముక్కలు ఎండబెట్టారు. ఇంట్లో ఎండకు పెట్టదగింది ఏదుంటే అది ఆ రోజు దిబ్బ మీదికి వచ్చింది. సందు దొరికిన చోటల్లా మనుషులు కూర్చున్నారు. మా అమ్మ కర్రలు పాతి, పాతచీరతో ఉయ్యాల కట్టి, నెలల బిడ్డ మా తమ్ముణ్ణి అందులో పడుకోబెట్టింది. నేను కాకుల కర్ర పట్టుకుని అత్త పక్కనే కూర్చున్నాను. భయానికి అరచేతులు చెమర్చి కర్ర జారిపోతుంటే చీటికీ మాటికీ పావడాకు తుడుచుకున్నాను.

గడ్డపారలు, మొక్కల కట్టలు మోసుకుని కూలీలు వచ్చారు. అంతా పెద్దూరివాళ్ళే, అత్త గంపలో చేపలు కొని తిన్నవాళ్ళే. గడ్డపార దింపడానికి చోటెక్కడా అని చూశారు. దేన్నీ తొక్కకుండా అడుగు ముందుకు పడే వీల్లేదు. కట్టలు దించి నిలబడిపోయారు. వాళ్ళ వెనకే ప్రెసిడెంటు గారితో వచ్చిన ఆఫీసరు గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, లెమ్మని చెప్పి చూశారు, పోలీసులను పిలిపిస్తానన్నారు. పోలమ్మత్త చేపలు తిరగేస్తూ, పిలిపించండి సార్, ఆరిందాకా మాత్రం కదిలించలేము అన్నది. పొద్దెక్కేకొద్దీ ఇసక కాలింది. ఒక్కరూ లేవలేదు. తమ్ముడు ఏడిస్తే అమ్మ అక్కడే కొంగు కప్పుకుని పాలిచ్చింది.

అప్పటికి తెప్పలు తిరిగి వచ్చాయి. మగవాళ్ళు నీళ్ళ అంచున ఆగిపోయారు, ఏం చెయ్యాలో తోచనట్టు. వాళ్ళలోంచి మా నాయన నీళ్ళోడుతున్న వలను భుజాన వేసుకుని నేరుగా ఆఫీసరు గారి దగ్గరికి నడిచి వచ్చాడు. "కొంచెం జరగండి సార్, వల ఆరేసుకోవాల" అన్నాడు. ఆయన అప్రయత్నంగా జరిగారు. నాయన ఆయన నిలబడిన చోటనే వల పరిచాడు. వెనకనే మిగతావాళ్ళూ వలలు తెచ్చారు. ఆ క్షణంలో మా నాయనను చూసి నాకు కలిగిన గర్వం ఇంత వయసొచ్చినా తగ్గలేదు.

తెప్పమాను మీద తాత పక్కన కూలబడిన ప్రెసిడెంటు గారికి అత్త చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన తాగి, మరి మా చేలల్లో పడే ఇసక సంగతేందమ్మా అని అడిగారు. ఆ అడగడంలో అధికారం లేదు, రైతు గొంతు ఉంది. అత్త ఆయన్ను ఇళ్ళ వెనక్కి తీసుకుపోయి, కాలవ గట్టున ముళ్ళపొదలు పెరిగిన మెరకను చూపించింది. చెట్లు వద్దని తాననలేదని, ఇక్కడ నాటమని, నీళ్ళు మేమే పోస్తామని చెప్పింది. ఆయన ఆఫీసరుతో ఏం మాట్లాడారో గానీ, ఎండ వాలేసరికి మొక్కల కట్టలు అక్కడికి చేరాయి. మరుసటి ఎండాకాలం మేం పిల్లలం కడవలతో ఆ సరుగుడు మొక్కలకు నీళ్ళు పోశాం.

ఆ తర్వాత పంచాయతీ మారినప్పుడు మా అత్త మెంబరుగా లేదు. ఆమె బదులు ప్రెసిడెంటు గారి బంధువులావిడ వచ్చింది. ఆవిడ మీటింగుకు పోయేదీ లేదు, చెప్పేదీ లేదు. పోలమ్మత్త మాత్రం, పంచాయతీ ఆఫీసు రేడియోలో తెలుగు వార్తలు వచ్చే వేళకు గంప దించి గోడవార నిలబడేది. సాయంత్రం దిబ్బ మీద మళ్ళీ ముందు ఢిల్లీ, చివరికి పాలెం. పదవి పోయింది గదా ఇంకా ఎందుకే ఈ చాకిరీ అని తాత కసురుకుంటే, "మెంబరుగిరీ వాళ్ళది, నోరు నాది" అన్నది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ చెప్పింది.

ఇప్పుడు అత్త లేదు, నాయన లేడు. తెప్పలు పోయి ఇంజన్ల పడవలు వచ్చాయి. అలివి వల పాట తెలిసిన గొంతు పాలెంలో ఒక్కటీ మిగల్లేదు. చేపలు ఒడ్డున పడటమే ఆలస్యం, ఐసు పెట్టెల్లోకి, అక్కణ్ణుంచి వ్యాన్లలోకి పోతున్నాయి. మేం నీళ్ళు పోసి పెంచిన సరుగుడు తోపు కొట్టేసి రొయ్యల గుంటలు తవ్వారు. దేశం కబుర్లు ఎవరి ఫోనులో వాళ్ళకు వస్తున్నాయి. నాయకులు పెద్ద మైకుల్లో చెప్పి కారెక్కి పోతున్నారు. అడ్డుపడి అడగడానికి, తెలియదు, కనుక్కొస్తానని చెప్పే మనిషి ఎదురుగా లేరు.

పోయిన నెల మా పాలెం వెళ్ళాను. కొలతల సామాను పట్టుకుని ఒక కంపెనీ కుర్రాడు దిబ్బ మీద తిరుగుతున్నాడు. బుద్ధిమంతుడిలాగే ఉన్నాడు. సముద్రానికి ఇంత దగ్గరగా ఇంత జాగా ఇన్నేళ్ళు ఖాళీగా ఎలా ఉండిపోయిందమ్మా అని నన్నే అడిగాడు.

"ఖాళీ జాగా కాదు నాయనా" అన్నాను. "మేం ఇవ్వని జాగా."