మావ మీద రాసిచ్చిన కాగితం

విజయనగరం కాలేజీలో బీయస్సీ పాసైన ఏడాది, హైదరాబాదులో ఒక రక్షణ పరిశోధనశాలకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. సైన్యానికి వైర్‌లెస్ సెట్లు తయారుచేసే చోటు. చైనా యుద్ధం తర్వాత అలాంటివన్నీ మనమే చేసుకోవాలని అందరూ అనే రోజులు. సెట్టు పలక్కపోతే ముందు ఏం చూస్తావని అడిగారు. తడుముకోకుండా చెప్పాను. మూడు వారాలకి ఎంపికైనట్టు కాగితం వచ్చింది. పోలీసు విచారణ అయ్యాకే ఉద్యోగమని కింద ఒక వాక్యం.

నాకా విద్య నేర్పింది మా అమ్మ తమ్ముడు. కొండ కింద పల్లెలో బడిపంతులు. పాత రేడియో విప్పి, నా చేత మళ్ళీ బిగింపించేవాడు. దున్నిన భూమి తమకే ఇమ్మని గిరిజనులు పెట్టుకునే అర్జీలు కూడా ఆయనే రాసిపెట్టేవాడు. ఆ ఏడాదే కొండల్లో గొడవలు ముదిరాయి. గిరిజనుల సభలో మాట్లాడాడని ఆయన్ని పట్టుకుపోయి, పదిరోజులుంచి వదిలారు. బడి ఉద్యోగం పోయింది.

విచారణకి కోటబొమ్మాళి దగ్గరున్న మా ఊరికి హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నెమ్మదిగా అన్నాడు:

"బాబూ, నీ మీద ఏటీ లేదు. మీ మావ సంగతే అడ్డొస్తాది. ఆయనతో సంబంధం లేదని రాసిచ్చీ. పైకి పంపేస్తాను."

"రాయొద్దురా" అంది అమ్మ.

రాశాను. అడగని మాట కూడా ఒకటి కలిపాను: అతను దేశానికి చేటు చేసే మనిషని. ముందురోజు మధ్యాహ్నమే మావ మా ఇంట్లో భోంచేసి వెళ్ళాడు.

ఆర్నెల్లకి ఎంపిక రద్దయినట్టు ఉత్తరం వచ్చింది. కారణం లేదు. స్టేషనుకెళ్ళి హెడ్డుని అడిగాను.

"నువ్వు రాసింది పంపాను బాబూ. అది సూసే నీకలాటి మావ ఉన్నాడని పైవోళ్ళకి తెలిసిందేమో. మొన్న ఆయన్ని మళ్ళీ పిలిస్తే, మా ఎస్సై ఆ కాగితమే సదివి వినిపించాడు."

అక్కణ్ణుంచి తిన్నగా మావ దగ్గరకి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"విన్నాన్రా" అన్నాడు. "తప్పుల్లేకుండా రాసావు. ఉజ్జోగం ఇచ్చారా?"

"లేదు మావా."

"మరెందుకురా?"

ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ ఆఫీసుని చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. సొంత మావని ఒక్క కాగితంతో అప్పగించినవాడికి దేశం రహస్యాలు ఎవరు అప్పగిస్తారన్న ఆలోచన మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

తర్వాత శ్రీకాకుళంలో సైన్సు మాస్టరునయ్యాను. సెలవలకి ఇంటికెళితే మావ వచ్చేవాడు. వాళ్ళక్కతో నవ్వుతూ మాట్లాడేవాడు. నేను గదిలోంచి బయటికి రాగానే చెప్పులేసుకునేవాడు.