పైన కరెంటు

ఎనభైల చివర్లో నేను హైదరాబాద్‌లో అంతరిక్షంలోని ప్లాస్మా మీద పరిశోధన చేసేదాన్ని. ప్లాస్మా అంటే విద్యుత్తు నిండిన వాయువు. సూర్యుడి దగ్గర బయలుదేరి మన దాకా పారుతుంది, దారి పొడవునా అల్లకల్లోలమే. అందులో విద్యుత్ క్షేత్రాలు ఎందుకలా ఎగిరిపడతాయన్నదే నా గొడవ. సెలవులకు మిర్యాలగూడ వస్తే ఇదంతా ఎవరికి చెప్పను? చెవిటివాడి ముందు శంఖం! త్రిపురారంలో ఉండే మా మేనమామ నేనేం పని చేస్తానని పదేపదే అడిగితే విసుగొచ్చి, "పైన కరెంటు ఉంటది మామా, దాని సంగతి సూస్త" అన్నాను.

అదే నా కొంప ముంచింది.

ఆ యాసంగిలో మామ పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. చివరి మళ్లకు కాలువ నీళ్లు అందవు, బోరే దిక్కు. వరి పొట్టకొచ్చి ఉంది. ఇంకో వారం తడి లేకపోతే అంతా తాలే. నేను సెలవులకు వచ్చానని తెలిసి మామ పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు.

"నడువు బిడ్డా, కరెంటాఫీసుకు పోదాం. నువ్వు చెప్తె ఇంటరు."

"నాకూ ఆ ఆఫీసుకూ ఏం సంబంధం మామా? నేను సూసేది సూర్యుని కాడి కరెంటు!"

"ఏ కాడిదైతేంది? కరెంటు కరెంటే గదా!"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కానీ ఆయన రాత్రంతా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. పళ్లు నూరుకుంటూ వెంట వెళ్లాను.

ఇంజనీరు తలెత్తకుండానే "చాలామంది ఉన్నరు, చూద్దాం" అన్నాడు. మామ తువ్వాల భుజం మీద సర్దుకుని, "సారూ, మా మేనకోడలు. పైన కరెంటుల పనిచేస్తది" అన్నాడు.

ఇంజనీరు లేచి నిలబడ్డాడు. "హెడ్డాఫీసా మేడమ్? ముందే చెప్పొద్దా!"

"కాదండీ, ఇంకా పైన..." అని మొదలుపెట్టాను. ఆకాశం దాకా వెళ్లనిస్తేగా! చాయ్ తెప్పించాడు.

మర్నాడే ట్రాక్టరు మీద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. బోరు పోసింది, వరి బతికింది. "ఇన్నేండ్లకు నీ సదువు అక్కరకొచ్చింది" అన్నాడు మామ. ఒళ్లు మండిపోయింది. నేనేం చేశానని?

కోతలయ్యాక హైదరాబాద్‌లో నా గదికి బియ్యం బస్తా వచ్చింది. తెచ్చినతను మామ మాట అప్పజెప్పాడు: "పైన పనిచేసేటోళ్లు కడుపునిండ తినాలె."

ఏమని కోప్పడను? సూర్యుడి సంగతి తేలేదాకా ఆ అన్నమే తిన్నాను.