తొమ్మిది ముళ్ల తాడు

1992 జనవరి 9, గురువారం. ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. సిద్దిపేటలో గాలి లేదు, వాన లేదు. మంచు మాత్రం ఎంత దట్టంగా ఉందంటే, చాచిన నా చేతి వేళ్లు నాకే మసకగా కనిపించాయి. వరండాలోని ఉష్ణమాపకం పదకొండు డిగ్రీలు చూపించింది.

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇరవై తొమ్మిదేళ్లు గణాంక శాఖలో పనిచేశాను. ఊళ్లోని పశువులను కళ్లారా చూసి లెక్కపెట్టందే ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. ఇప్పుడు నాకు అరవై ఏడేళ్లు. ఈ అనుభవాన్నీ ఆ పద్ధతిలోనే రాస్తున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత, 1991 జనవరిలో, చెరువుకు రెండు ఫర్లాంగుల దూరంలో ఉన్న ఒక కిరాయి పెంకుటింట్లో స్వచ్ఛంద సేవకుడిగా చేరాను. అక్కడే తిండి, అక్కడే పడక. ఆ ఇంట్లో తొమ్మిది మంది పెద్దవాళ్లు ఉండేవారు. కాగితాల్లో వాళ్లను బుద్ధిమాంద్యులని రాసేవారు. ఇంట్లో ఆ మాట ఎవరూ వాడేవారు కాదు. వంటా ఇల్లూ చూసుకుంటూ వాళ్లతోపాటే ఉండే ఆవిడ పేరు షాహెదా. అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం.

ఇంట్లో వాళ్లు పద్మశాలీల మగ్గాలకు నూలు కండెలు చుట్టేవారు. రోజూ ఉదయం ఆ కండెలు సంచుల్లో వేసుకుని చెరువుకట్ట మీదుగా మగ్గాల వాడకు నడిచేవాళ్లం. దారిలో ఎవరూ తప్పిపోకుండా ఒక పొడవాటి తాడు ఉండేది. దానికి తొమ్మిది ముళ్లు, ముడికో రంగు గుడ్డ. ఎవరి ముడి వారు పట్టుకోవాలి. ముందు నేను, అందరికన్నా వెనుక ఆపా.

గేటు దగ్గర, కట్ట మధ్యన తూము దగ్గర, వాడ మొదట్లో ఆగి పిలిచేవాణ్ని. ముందునుంచి వరుసగా ఒక్కొక్కరు "ఉన్న" అనాలి. నా రిజిస్టర్‌లో ఒక్కో గీత పడేది.

"మనుషులను గొర్రెలోలె లెక్కవెడ్తరేంది సారూ," అని ఆపా నవ్వేది.

ఎనిమిదో ముడి మల్లవ్వది. ఆమెకు అరవై ఏళ్లు, బొంగురు గొంతు. పలికే ముందు చిన్నగా దగ్గేది. తొమ్మిదో ముడి ఎల్లయ్యది. నలభై ఏళ్ల మనిషి, తొగుట దిక్కు నుంచి వచ్చినవాడు. వినగలడు, మాట్లాడలేడు. అందుకని మల్లవ్వ "ఉన్న" అని, ఊపిరి తీసుకోకుండా "ఈయన గూడ" అనేది. పదకొండు నెలలు ఆ రెండు మాటలూ ఎప్పుడూ కలిసే విన్నాను.

తూము కింద బండ మీద ఆమె ఎల్లయ్య అంగీ రోజూ ఉతికేది. అతను పక్కన కూర్చుని చూసేవాడు.

"ఒక్క అంగీని ఎన్నిసార్లు ఉతుకుతవవ్వా, చినుగుతది," అని ఆపా ఆటపట్టిస్తే, "నీ బగోనలు నువ్వు తోముకో. నా పిలగాని అంగీ నేను ఉతుకుత," అనేది.

1991 డిసెంబరు 18న దవాఖానలో మల్లవ్వ చనిపోయింది. ఎనిమిదో ముడి విప్పి ఎల్లయ్యను ముందుకు జరపాలనుకున్నాను. అతను ఆ ముడిని పిడికిట్లో బిగించి విప్పనివ్వలేదు. సరే అని వదిలేశాను. తన వంతు వచ్చినప్పుడు తాడును ఒకసారి గుంజాలని ఆపా అతనికి నేర్పింది. అప్పటినుంచి మా లెక్క ఏడు గొంతులు, ఒక గుంజు. మొత్తం ఎనిమిది.

జనవరి 9న ఆపాకు జ్వరం.

"మంచు గిట్ల వడ్తుంది. ఇయ్యాల పోకుంటె ఏమైతది సారూ?"

రిజిస్టర్‌లో ఖాళీ పడుతుందన్నాను. ఏడాదిగా ఒక్క రోజు కూడా ఖాళీ పడలేదు.

"మీ రిజిస్టర్ సల్లగుండ," అని ఆమె దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

వెనుక ఎవరూ లేకుండా ఆ మంచులో వాళ్లను తీసుకుపోవడం నా తప్పు. ఎక్కడా దాచకుండా ముందే రాస్తున్నాను.

గేటు దగ్గర ఏడు గొంతులు, ఒక గుంజు. కట్ట ఎక్కాం. నీరు ఎక్కడ ముగుస్తుందో, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. నా చేతిలోని తాడు ముగ్గురి దాకా కనిపించి, ఆ తరువాత తెల్లదనంలో కరిగిపోయింది. అడుగుల చప్పుడు పత్తి మీద నడిచినట్టు వినిపించింది. ఏడో ముడి పట్టుకున్న సత్తెమ్మ ఏదో కూనిరాగం తీస్తోంది. అది వెనకనుంచి వస్తోందో, నీళ్ల మీదనుంచి వస్తోందో చెప్పలేకపోయాను. నిద్రలో నడుస్తున్నట్టు ఉంది.

ఆరు గంటల నలభై ఒక్క నిమిషాలకు తూము దగ్గర ఆగి పిలిచాను. ఒకటి నుంచి ఏడు దాకా వరుసగా పలికారు. చిన్న దగ్గు. తరువాత "ఉన్న."

ఎనిమిది గీతలు గీసి నడిచాను. పదకొండు అడుగులు వేశాక నా కాళ్లు ఆగిపోయాయి. నా అరచేతికి గుంజు తగలలేదు. మాట్లాడగలిగినవాళ్లు ఏడుగురే. నేను విన్న గొంతులు ఎనిమిది. ఆ చివరి "ఉన్న" తరువాత, పదకొండు నెలలు విన్న "ఈయన గూడ" రాలేదు.

తాడు పట్టుకుని తడుముతూ వెనక్కి వెళ్లాను. ఏడు చేతులు తగిలాయి. ఎనిమిదో ముడి ఖాళీ. తొమ్మిదో ముడి ఖాళీ.

ఏడుగురినీ ఉన్నచోటే కూర్చోమని, ముడి వదలొద్దని చెప్పి తూము కిందికి దిగాను. బండ దాటి, ఛాతీ లోతు నీళ్లలో, నాకు వీపు పెట్టి ఎల్లయ్య నిలబడి ఉన్నాడు. ఒంటి మీద అంగీ లేదు. దాన్ని మడిచి, తడవకుండా రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు. నేను దిగి మొలతాడు పట్టుకుని లాగితే ఎదురు తిరగలేదు. ఒడ్డుకు వచ్చాక మాత్రం అంగీని నా ముందు చాచి కదలకుండా నిలబడ్డాడు. దాన్ని ఆ బండ మీద జాడించి, పిండి ఇచ్చాను. అప్పుడు నడిచాడు.

మర్నాడు వెదురుగడతో కొలిచాను. అతను నిలబడిన చోటికి ఒక్క అడుగు ముందు లోతు పదకొండు అడుగులు.

కట్ట మీద ఏడుగురూ ముళ్లు పట్టుకుని కూర్చునే ఉన్నారు. ఎవరి పేరూ ఎత్తకుండా సత్తెమ్మను అడిగాను, నీ వెనక ఎవరు పలికిన్రని.

"మల్లవ్వ."

"ఏమన్నది?"

"ఉన్న అన్నది. ఎల్లయ్యను చెప్పలె. ఆయన లేడు గద, అబద్ధం ఎట్ల చెప్తది?"

"మరి ఎల్లయ్య లేడని నువ్వు నాకెందుకు చెప్పలె?"

"మల్లవ్వ చెప్పింది గద సారూ," అంది, ఇంత చిన్న సంగతి నాకు తెలియనందుకు జాలిపడుతున్నట్టు.

తరువాత నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. ఎవరో ఒకరు రెండుసార్లు పలికి ఉంటారేమోనని నెల రోజులు గమనించాను. ఒక్కరూ అలా పలకలేదు. ప్రతిధ్వని కావచ్చునని, మళ్లీ మంచు పడిన రోజున ఆపాను తొమ్మిదో ముడి దగ్గర నిలబెట్టి అరిపించాను. ప్రతిధ్వని రాలేదు. నాకు తెలిసిన ఒక డాక్టరు, అది చెవికున్న అలవాటని, లేని గొంతును మనసే పూరించుకుందని అన్నాడు. సత్తెమ్మ మాటను పక్కన పెడితే, దానికి నేను ఒప్పుకునేవాణ్నే. కానీ అలవాటే పలికించి ఉంటే రెండు మాటలూ పలకాలి. నా చెవి వాటిని విడివిడిగా ఎన్నడూ వినలేదు. సగం మాత్రమే ఎందుకు పలికిందో, ఆ సగమే ఎందుకు నిజమైందో ఏడేళ్లుగా నాకు తెలియలేదు.

ఆ రిజిస్టర్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. తూము గడిలో ఎనిమిది అని ఉంది. ఆ నిమిషాన తాడు మీద ఉన్నవాళ్లు ఏడుగురు. తప్పు అంకె కనిపిస్తే కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టడం నా అలవాటు. దీన్ని కొట్టేయడానికి మూడుసార్లు కలం తీశాను. చేతకాలేదు.

ఆ ఉదయం ఏడు గంటల యాభై రెండు నిమిషాలకు గేటు దగ్గర మళ్లీ పిలిచాను. ఆపా జ్వరంతోనే లేచి వచ్చి గడపలో నిలబడింది. ఏడు గొంతులు. ఒక గుంజు.

ఎనిమిది.