ఓబమ్మ చూసిన రంగు

ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే ముత్యాలప్పకు డెబ్బై దాటాయి. మోచేతుల దాకా ఆయన చేతులు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. పెళ్ళి భోజనాల్లో కొత్తవాళ్ళు ఆయన పక్కన కూర్చోవడానికి జంకుతారు. తెలిసినవాళ్ళు మాత్రం ఆ చేతులు చూసి, ఈ వారం ఏ రంగు చీరకు గిరాకీ ఉందో చెప్పేస్తారు.

ఆయన పెరట్లో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారుంది. వాళ్ళ నాయన కొన్నది. అంబాసిడర్‌ను గౌరవంగా, ఫియట్‌ను ముద్దుగా చూసిన జనం దీన్ని మాత్రం "ఇదేం బండి?" అని అడిగేవారు. బానెట్ తెరిస్తే మూతి మొత్తం ముందుకు వంగి, నేలను వాసన చూస్తున్నట్టుంటుంది. కారు తిరుగుతున్న రోజుల్లోనే ముత్యాలప్ప దానికి ఇంకో పని పెట్టాడు. నూలు ఆరేసే వెదురు గడకు ఒక కొస గోడ మీద, ఇంకో కొస కారు మీద. తడి నూలు కారి కారి, లేత నీలం కారు కాస్తా అన్ని రంగుల్లోకీ దిగిపోయింది.

ఒకసారి అద్దం ఎత్తడం మరిచాడు. రంగు నీళ్ళు సీటులోకి ఇంకాయి. ఆ సీటు మీదే కూర్చుని ఆయన భార్య ఓబమ్మ బంధువుల పెళ్ళికి పోయింది. పందిట్లో దిగాక, వెనకాల చీరంతా ఎర్రగా ఉందని అందరికీ తెలిసింది, ఆమెకు తప్ప. ఇంటికొచ్చి ఒకే మాట చెప్పింది.

"నేను దాన్ని చూసిన మొదటి పొద్దు ఏ రంగులో ఉండెనో, ఆ రంగుకొస్తే ఎక్కుతా. లేకుంటే బస్సుండాది, కాళ్ళుండాయి."

అన్నట్టే, మళ్ళీ ఎక్కలేదు. ఆమె ఎక్కని బండిని బాగుచేయించే ఉత్సాహం ముత్యాలప్పకూ పోయింది. కారు పెరట్లో ఉండిపోయింది.

ఈ ఏడు అనంతపురంలో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి ఆయనకు మళ్ళీ హుషారొచ్చింది. ఓబమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోవాలి. ఒంటరిగా అయితే పోనే పోడు. పాత కార్లు బాగుచేసే దాదాపీర్‌ను పిలిపించాడు. ఇంజిను విప్పారు, బిగించారు. విప్పినప్పుడు లేని చప్పుడు బిగించాక వచ్చింది, మళ్ళీ విప్పారు. చివరికి రంగు దగ్గరకొచ్చారు. డిక్కీ మూత లోపలివైపు పాత లేత నీలం చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చూసి దాదాపీర్ పెయింటు కలిపాడు.

ముత్యాలప్ప డబ్బాలోకి తొంగి చూసి తల అడ్డంగా ఊపాడు. పట్టు తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనబడుతుంది, ఆరితే తేలిపోతుంది. అందుకే తొట్టిలో ఎప్పుడూ ఒక మెట్టు ముదురుగా కలపాలి. ఆయన జన్మంతా చేసింది అదే.

"చాలదప్పా. ఆరితే వెలవెలబోతాది. ఇంకొంచెం నీలం పోయి."

"అన్నా, ఇది పట్టు కాదు. పెయింటు ఆరేకొద్దీ ముదురుతాది."

"ఏమప్పా, రంగు గురించి నాకు చెప్తాండావా?"

"చెప్పలేదులే. పోస్తా. రేపొద్దున నన్ను అనద్దు."

మరునాటికి కారు నిగనిగలాడుతూ, నెమలికంఠానికి దగ్గర రంగులో ఆరింది. తెల్లారితే ప్రదర్శన. ముత్యాలప్ప అరుగు మీద కూలబడ్డాడు.

"బాగుండాదన్నా, చీరకైతే," అన్నాడు దాదాపీర్.

ఓబమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇదే," అంది.

"ఏది ఇదే?"

"మన పెండ్లికి కుందుర్పిలో మా ఇంటి ముందర వచ్చి ఆగినప్పుడు ఈ రంగే. ఆ పొద్దు వాన కొడతాండె కదా! నిలువునా తడిసొచ్చినాది మీ బండి. మా నాయన పెండ్లికొడుకును ఇడిసిపెట్టి వానను చూస్తా నిలబడిండె."

"మరి లేత నీలం?"

"అది ఆరినాక. మొదటి పొద్దు అన్నా గాని, ఆరినాక అన్నానా? చినుకుకు మొగం వాచిన కుందుర్పిలో వాన పడిన పొద్దు ఎవురన్నా మరుస్తారా?"

ముత్యాలప్ప లేచి ముందు తలుపు తెరిచాడు. ఆమె మొదట సీటు మీద అరచేయి అదిమి, చేయి తిప్పి చూసుకుంది. తర్వాతే కూర్చుంది.

మరునాడు అనంతపురం మైదానంలో శశి అనే నిర్వాహకుడు కారును ముందూ వెనకా చూసి మెచ్చుకున్నాడు. రంగు దగ్గర ఆగాడు.

"అంతా బాగుంది సార్. కానీ ఈ బండి అసలు రంగు లేత నీలం. బహుమతుల వరుసలో పెట్టలేం. ఈ రంగని మీకెవరు చెప్పినారు?"

ముత్యాలప్ప ముందు సీటు వైపు చూపించాడు. అక్కడ ఓబమ్మ ఒడినిండా శనక్కాయలు పెట్టుకుని ఒలుచుకుంటోంది.

"మా పెండ్లికి నువ్వొచ్చింటివా నాయనా?" అని అడిగింది.

శశి నవ్వేసి, కారును బహుమతులు లేని వరుసలో పెట్టించాడు. జనం ఆ కొసకూ వచ్చారు. "ఇదేం బండి?" అని అడిగినవాళ్ళందరికీ ఓబమ్మే జవాబు చెప్పింది, సాయంత్రం దాకా దిగకుండా.

తిరుగుదారిలో ముత్యాలప్ప ధర్మవరం వైపు తిప్పబోతుంటే ఆమె ఆపింది.

"ఇట్లే కుందుర్పికి పోనీయ్. వాన లేని పొద్దు కూడా అదే రంగులో ఉండాదని మావాళ్ళు చూడనీ."