మడమ మందు, మట్టల ఆదివారం

ఆరాధనకొచ్చిన సంఘాన్నంతా ఒక్క డబ్బా మందుతో అల్లకల్లోలం చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే!

తొంభైల చివర. డి.ఫార్మసీ ముగించి పామిడికి కొత్తగా వచ్చాను. మా సంఘంలో ఏటా మట్టల ఆదివారం ఊరేగింపుకు ముందు నడిచి పాట ఎత్తుకునేది శాంతమ్మవ్వ. ఆ ఏడు ఎండలకు ఆమె మడమలు వాన చూడని చేనులా పగిలాయి.

"ఈ తూరి నడవలేనప్పా," అని కళ్లొత్తుకుంది.

నేను ఆరాధన మధ్యలో లేచాను. "అవ్వను నేను నడిపిస్తాను! ప్రభువు నాకు మందు బయలుపరిచాడు!"

"ఆమేన్!" అంది సంఘం. (నిజానికి బయలుపరిచింది నా కాలేజీ నోటుబుక్కు. అదీ సగం చిరిగిన పేజీ.)

మందుకు తేనె మైనం కావాలి. అంగట్లో లేదు. మందిరంలో క్రిస్మస్ నాటి కొవ్వొత్తి ముక్కలు డబ్బా నిండా ఉన్నాయి. మైనం మైనమే కదా! పైగా ప్రార్థనలో వెలిగిన మైనం! అన్నీ కరిగించి వ్యాసిలిన్‌లో పోశాను. చల్లారాక చూస్తే సుద్దముక్క!

"ఏమప్పా, ఇది పూసుకోవాల్నా, పలక మీద రాసుకోవాల్నా?"

"మెత్తగా చేసి తెస్తా అవ్వా!"

వేరుశనగ నూనె దండిగా పోశాను. చలువకని కర్పూరం, పుదీనా పువ్వు, అదే మెంథాల్, చెరో గుప్పెడు వేశాను. ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కరిగించుకుని నీళ్లవుతాయట. ఆ ముక్క చిరిగిపోయిన సగంలో ఉంది! మట్టల ఆదివారం పొద్దున మందిరం వాకిట్లో మూత తీస్తే లోపల చారు.

"పూసేసుకోండవ్వా, ఇంకిపోతుంది!"

పూసుకుంది. చెప్పులేసుకుంది. ఒక్క అడుగు వేసింది. చెప్పు జారి ఎగిరి పాస్టరయ్య ఒళ్లో పడింది. అవ్వ చాప మీద కూలబడింది.

"మంటప్పో! రేయ్ అబ్బీ, మిరప్పొడి గాన కలిపినావా?"

"అవ్వ లేకుంటే పాటెవరు ఎత్తుకుంటారు?" అన్నాడు పాస్టరయ్య దిగులుగా.

గోడవతల, పెన్నేటి ఇసుక మోసే గాడిద కనబడింది. దాని యజమానిని బతిమాలి అవ్వను ఎక్కించాం. పగ్గం నా చేతికిచ్చారు. యేసు గాడిదనెక్కి యెరూషలేముకు వచ్చిన దృశ్యమే కళ్లెదుట కనబడ్డట్టు సంఘం "హోసన్నా!" అని ఉప్పొంగిపోయింది. అవ్వ పైనుంచి నన్ను చూసి నవ్వింది.

"వాక్యంలో గాడిదలు రెండుండాయి గదప్పా. ఒకటి నన్ను మోస్తాండాది. రెండోది పగ్గం పట్టుకోనుండాది."

ఆ తర్వాత ఒట్టి వ్యాసిలిన్‌కే ఆ మడమలు మానాయి. నేను మాత్రం ఆ రోజే మోకాళ్లూని ప్రమాణం చేశాను: కొవ్వొత్తిని వెలిగించడానికే ముట్టుకుంటాను. పేజీ చిరిగి ఉంటే నోరు మూసుకుంటాను. ఇంత జరిగాక కూడా మందు చేయబోతే, ముందు నా మడమలకే పూసుకుంటాను. ఆమేన్.