మూడో చెంచా కన్నీరు

వెర్బీత ఊళ్ళో ఎవరు పోయినా, నలభయ్యో రోజు విందుకి మొదటి పిలుపు ఇళ్ళల్లో నిలువెత్తు ఇటుక పొయ్యిలు కట్టే మేస్త్రీ ఇలారియెకే వెళ్ళేది. పోయినవాళ్ళ పేరు మీద బతికున్నవాళ్ళు తిన్నది అవతలి లోకానికి చేరుతుందని ఆ డాన్యూబ్ ఒడ్డున చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే పోయిన మనిషి కుర్చీలో ఒకణ్ణి కూర్చోబెట్టి, ఆ మనిషి కంచమే అతని ముందు పెడతారు. అతను కంచం ఖాళీ చెయ్యాలి. మిగిలిస్తే అక్కడ ఆ ప్రాణి అర్ధాకలితో ఉంటుంది. నూట అరవై కిలోల ఇలారియె ఏ ప్రాణినీ అర్ధాకలితో ఉంచిన పాపాన పోలేదు. కోడి పులుసు, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, తేనె కలిపి ఉడికించిన గోధుమలు, జడలా అల్లిన రొట్టె, అన్నీ ఒకదాని వెనక ఒకటి లోపలికి నడిచి వెళ్ళిపోయేవి. కంచం తుడిచి, "దేవుడు చేరవేయాలి," అని చెప్పి లేచేవాడు. ఇంటివాళ్ళ మొహాలు తేటపడేవి.

అతని ప్రాణస్నేహితుడు పడవ నడిపే ఫిలిమోన్. ఎండుపుల్ల లాంటి మనిషి. ఒక వేసవి సాయంత్రం పడవలో కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు.

"ఒరే, నేను పోతే నా కుర్చీలో నువ్వే కూర్చోవాలి. బతికినన్నాళ్ళూ రేవులో ఎవరో పిలిస్తే లేచి పరిగెత్తడమే, మా ఆవిడ గెర్గీనా వంట సగం సగమే తిన్నాను. పోయాకైనా కడుపునిండా తింటాను."

"కుర్చీలో కూర్చున్నవాడికి పోయినవాడి కోటు కూడా ఇస్తారు కదరా. నీ కోటు నా ఒక చేతికి చాలదు."

"తలకి చుట్టుకో," అన్నాడు ఫిలిమోన్.

నవ్వుకుంటూనే మాట ఇచ్చేశాడు ఇలారియె. ఇచ్చిన మాట మర్చిపోయే మనిషి కాడు. అదే అతని జబ్బు.

తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. చక్కెర జబ్బు వచ్చింది. ఇలాగే ఉంటే రెండేళ్ళు కూడా కష్టమని పట్నం డాక్టర్ తేల్చి చెప్పేసింది. కడుపు కోసి అరటిపండంత చేశారు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు నర్సు అంది: "ఇకమీదట చాలు అని నీ కడుపు పాత పద్ధతిలో చెప్పదు. ఒకరికి తుమ్ము వస్తుంది, ఒకరికి ఎక్కిళ్ళు వస్తాయి. నీది ఎలా చెబుతుందో కనిపెట్టుకో. చెప్పిన తర్వాత ఇంకొక్క ముద్ద కూడా వద్దు."

ఇలారియెకి మూడో చెంచా దగ్గర ముక్కు కారేది, ఎడమ కంట్లో నీళ్ళు తిరిగేవి. మొదట్లో జలుబు అనుకున్నాడు. రుమాలుతో తుడుచుకుని నాలుగో చెంచా తిన్నాడు. ఆ మధ్యాహ్నమంతా తాను కట్టిన పొయ్యి వెనకాలే వంగిపోయి, రొమ్ము ఎముక కింద బండరాయి పెట్టినట్టుంటే మూలుగుతూ గడిపాడు. అలాంటివి నాలుగైదు అయ్యాక బుద్ధి వచ్చింది. కుడి కన్ను మాత్రం ఎప్పుడూ పొడిగానే ఉండేది. దానికి ఈ వ్యవహారంతో సంబంధం లేదు.

అసలు చిక్కు వేత అనే ముసలమ్మ పోయిన నలభయ్యో రోజున మొదలైంది. పిలిచారు, వెళ్ళాడు, కుర్చీలో కూర్చున్నాడు. మూడో చెంచాకి ఎడమ కన్ను పొంగింది. చెంపమీదుగా నీళ్ళు జారాయి. చెంచా పక్కన పెట్టేశాడు.

"చూశారా," అంది పక్కింటావిడ, గొంతు తగ్గించకుండానే. "కన్నకొడుకు కళ్ళు పొడిగా ఉన్నాయి. ఇలారియెకి దుఃఖంతో ముద్ద దిగడం లేదు పాపం."

కాదని చెప్పబోయాడు. కానీ ముసలమ్మ కూతురు అప్పటికే వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. ఆ చెయ్యి విదిలించుకుని నాది ఏడుపు కాదమ్మా, అజీర్తి అని ఎవడు చెప్పగలడు? ఆ రోజు నుంచి ఊరు అతన్ని తినడానికి కాదు, ఏడవడానికి పిలిచింది. కంచం మిగిల్చినా ఎవరూ ఏమీ అనలేదు. మనిషి చిక్కిపోవడం కూడా పరాయి దుఃఖం మోసి మోసేనన్నారు కొందరు. ఇలారియె తలవంచుకుని ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే, కొంచెం బాగానే ఉండేది కూడా.

రేగు ఆకులు రాలే కాలంలో ఫిలిమోన్ పోయాడు. ఒడ్డున కట్టేసిన పడవలో కూర్చుని, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో ప్రయాణికుడి కోసం ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడట. శవపేటిక దించుతుంటే ఊరంతా ఇలారియె మొహం వైపే చూసింది. ఒక్క చుక్క రాలేదు. పొద్దుటినుంచి అతను ఏమీ తినలేదు మరి.

తర్వాత కలలు మొదలయ్యాయి. మధ్యాహ్నం పూట చల్లారిన పొయ్యికి వీపు ఆనించి కునుకు తీస్తే చాలు, నది వచ్చేసేది. నీళ్ళు పాలలా తెల్లగా, చప్పుడు లేకుండా కదిలేవి. పొగమంచులోంచి పడవ మెల్లగా వచ్చి, ఒడ్డుకి బారెడు దూరంలో ఆగేది. అందులో ఫిలిమోన్, మోకాళ్ళ మీద ఖాళీ కంచం. కోటు అంచుతో చెంచా తుడుస్తూ ఉండేవాడు. తుడిచిందే తుడిచేవాడు. ఎక్కడినుంచో తేనె వాసన వచ్చేది. అతను ఏమీ అడిగేవాడు కాదు. అడిగితే బాగుండునని ఇలారియెకి కలలోనే అనిపించేది.

ముప్పై ఎనిమిదో రోజున గెర్గీనా ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గోధుమలు ఏరుతోంది.

"వదినా, ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టు."

"ఎందుకయ్యా? నా వంట నీకు కూడా సహించడం లేదా?"

"నా పొట్టలో మూడు చెంచాలు పడతాయి. వాడు కడుపునిండా తింటానని ఆశపడ్డాడు. వాణ్ణి అక్కడ పస్తు పెట్టలేను."

"అందరిళ్ళల్లోనూ మూడు చెంచాలకే ఏడ్చి లేస్తున్నావుగా. ఎవరూ తప్పు పట్టలేదే."

"అది ఏడుపు కాదు వదినా." తల ఎత్తలేదు ఇలారియె. "కడుపు నిండితే నాకు ఎడమ కన్ను కారుతుంది. అంతే. ఆపరేషన్ తర్వాత వచ్చింది."

గెర్గీనా చెయ్యి ఆగింది. తర్వాత పగలబడి నవ్వింది. ఒళ్ళోని గోధుమలు నేలంతా చెదిరాయి.

"ఓరి నీ ఇల్లు బంగారంగాను! వేత ముసలమ్మ కూతురు నీ పేరు చెప్పి కొవ్వొత్తులు వెలిగిస్తోందయ్యా!" కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆగాక మొహం మారింది. "అందుకేనా, మా ఆయన్ని దించేటప్పుడు..."

"ఏమీ తినలేదు ఆ రోజు."

ఇద్దరూ చాలాసేపు కింద పడ్డ గోధుమలు ఏరారు. చివరికి ఆవిడే అంది, "కుర్చీ నీదే. ఆయన అడిగాడు, నువ్వు ఒప్పుకున్నావు. మధ్యలో మార్చడానికి నేనెవర్ని?"

నలభయ్యో రోజు ఇంట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. పాదిరి ప్రార్థన చదివాడు. రొట్టె మీద కొవ్వొత్తి వెలిగింది. ఆచారం ప్రకారం కుర్చీలో కూర్చునే ముందు గెర్గీనా ఫిలిమోన్ కోటు తెచ్చి పట్టుకుంది. ఇలారియె చేతులు దూర్చాడు. దూరాయి. గుండీలు పెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, అన్నీ పట్టాయి. భుజాల దగ్గర కూడా కొలిచి కుట్టినట్టుంది. మూడో గుండీ చేపల వలతాడుతో కుట్టి ఉంది, ఫిలిమోన్ తన చేత్తో కుట్టుకున్నదే. వంకర కుట్లు.

*తలకి చుట్టుకో.*

కుర్చీలో కూర్చున్నాడు. కంచం ముందుకొచ్చింది. పులుసు పొగలు కక్కుతోంది. చెంచా చేతిలోకి తీసుకున్నాడు.

"ఇలారియె మొదలెట్టాడు," అని ఎవరో గుసగుసలాడారు.

ఎడమ కన్ను తడిసింది. అప్పుడే నిండిపోయిందా అని భయపడ్డాడు. రొమ్ము ఎముక కింద తడుముకున్నాడు. అక్కడ ఏమీ లేదు, ఖాళీ. అంతలో కుడి కన్ను కూడా పొంగింది. రెండేళ్ళలో ఎన్నడూ తడవని కన్ను. నీళ్ళు గడ్డం మీంచి జారి వలతాడు గుండీ మీద పడ్డాయి. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది తనదేనని అతనికి వెంటనే తెలియలేదు. ఫిలిమోన్ లేడు. ఇక రాడు. అంతే, ఇంకే లెక్కా లేదు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఎప్పటిలాగే తలలు ఊపారు. గెర్గీనా ఒక్కతే చెంచా వైపు చూసింది. అది పొడిగా మెరుస్తోంది.

రొట్టె తుంచే మిషతో అతని పక్కకి వంగింది.

"నువ్వింకా ముట్టనేలేదు కదయ్యా."

"లేదు వదినా."

ఆవిడ చెయ్యి కాసేపు ఆ కోటు భుజం మీద ఆగింది.

"మూడు చెంచాలు తిను. లేచి నది దాకా వెళ్ళిరా. మళ్ళీ మూడు తిను. చీకటి పడేదాకా నేను కంచం తియ్యను," అంది. "నెమ్మదిగా తినవయ్యా. ఆయనకిప్పుడేం తొందర లేదు."

ఇలారియె మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాడు.