మేస్త్రీ తాడు, మూడు తీతువు గుడ్లు

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. కామాటిపురలో తోపుడుబండ్ల మధ్య ఎవరి కాలికీ అడ్డుపడకుండా తిరిగే కుక్క అడవిలోనూ అంతే మర్యాదగా నడుస్తుందని నమ్మాను. అది గదికో సంసారం ఉండే మా చాల్ మెట్ల మీద పడుకునే కుక్క. అన్ని గదుల రొట్టెలూ తింటుంది, ఒక్క గది మాటా వినదు. తాపీపనికి వలసొచ్చిన మా తాతలు ఈ మహానగరంలో ఎన్నో కట్టడాలు కట్టారు. కుక్కను కట్టడం మాత్రం మా ఇంటా వంటా లేదు.

షుగర్ తగ్గాలంటే పచ్చదనంలో నడవమన్నాడు డాక్టరు. ఒక ఆదివారం పొద్దున పక్కగది తమ్ముడి టెంపోలో, కుక్కతో సహా, శివారులోని అడవి బాటకు వెళ్ళాను. బాట పక్క తీతువు గూడు. గూడంటే గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు, అంతే. నేను "హే, హే" అనేలోగా ఒకటి మా కుక్క కాలి కింద చితికిపోయింది. తల్లిపిట్ట నెత్తిమీద తిరుగుతూ అరిచింది. ఆ తిట్లు కుక్కకు కాదు, నాకే.

మరుసటి ఆదివారం దాని మెడకు నా పాత బెల్టు, బెల్టుకు నాన్న పనిసంచిలోని మేస్త్రీ తాడు కట్టాను. గోడ వరస చూసే తాడు.

"ఏందన్నా, కుక్కతోని గోడ లేపుతవా?" అన్నాడు తమ్ముడు.

"లేపుత. గా మూడు గుడ్ల సుట్టు."

అడవి బాటకు చేరేసరికి తల్లిపిట్ట మళ్ళీ గుడ్ల మీద కూర్చునే ఉంది. హమ్మయ్య అనుకునేలోగా దాదర్ నుంచి కారులో వచ్చే ఒక పెద్దమనిషి ఎదురయ్యాడు. చేతిలో ఖరీదైన తోలు పట్టీ. దాని కొసన కుక్క లేదు, అది విడిగా ముందు తిరుగుతోంది. పట్టీనే షికారుకు తెచ్చినట్టున్నాడు.

"సార్, ఆడ గూడున్నది. జర కుక్కను కట్టుకోండ్రి."

"మావాడు ట్రైనింగ్ అయినవాడండీ, ఏమీ చెయ్యడు."

ట్రైనింగ్ అయినవాడు అప్పటికే గూటి వైపు ఉరుకుతున్నాడు. అడ్డంగా నిలబడి అదిలించాను.

"కుక్కల్ని కట్టి తేవాలెనని గేటు కాడ బోర్డున్నది గద సార్?"

"అది వీధికుక్కల కోసమండీ. అయినా ఈ పిట్ట నేల మీద గుడ్లు పెట్టడమేమిటి?"

నిజమే. చెట్టు మీద ఫ్లాటు కొనుక్కోవలసింది.

మూడో ఆదివారం గూటికి ఇవతలే రెండు కుక్కలూ ఎదురుపడ్డాయి. మావాడు పళ్ళు చూపించాడు. ట్రైనింగ్ అయినవాడు యజమాని కాళ్ళ వెనక దూరాడు.

"పట్టుకోండి! పట్టుకోండి మీ కుక్కని!"

మేస్త్రీ తాడు చాలా పొడుగు. ఒక మూర వదిలాను.

"మావాడు ఏమీ చెయ్యడండీ" అన్నాను, ఆయన యాసలోనే.

తోలు పట్టీ మొదటిసారి కుక్క మెడకెక్కింది. వాళ్ళిద్దరూ గూడు దాటి, మలుపు తిరిగేదాకా నేను ఆ మూర వెనక్కి చుట్టలేదు.